అమెరికా వసంతకాలపు గాలివానలు: డాలస్‌లో పిల్లలున్నవారు దేనికి జాగ్రత్త పడాలి?

పటమట అమ్మమ్మ, విజయవాడ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు కిందటేడు న్యూజెర్సీ నుంచి డాలస్ శివారులోని ఫ్రిస్కోకు మారారు. న్యూజెర్సీలో ఉన్నన్నాళ్లూ మంచు ఎక్కువగా పడిందా, కరెంటు ఉందా అన్నంతవరకే మా విచారణ సాగేది. ఈ మార్చి నెల మొదలైనప్పటి నుంచి మాత్రం మా ఇంట్లో తెల్లవారుజామున ఎవరికీ నిద్ర లేదు. అక్కడ సాయంత్రం ఆరు గంటలంటే మనకు మరునాటి ఉదయం నాలుగున్నర కాబట్టి, ఉరుములూ సైరన్లూ వడగళ్లూ అన్నీ కాఫీ వేళకు ముందే ఫోనులోకి వచ్చి కూర్చుంటున్నాయి.

నాకు అర్థం కాని సంగతి ఇది. పోయిన వారం సోమవారం అమ్మాయి ముప్పై డిగ్రీల ఎండలో పిల్లవాడిని పార్కుకు తీసుకువెళ్లింది. బుధవారం రాత్రి సైరన్ మోగితే ముగ్గురూ మెట్ల కింద ఉన్న చిన్న గదిలోకి వెళ్లి కూర్చున్నారు. శుక్రవారం నాటికి పిల్లవాడికి స్వెట్టర్ వేయవలసి వచ్చింది. అదే వారంలో డెన్వర్‌లో ఉంటున్న మా మరిది కొడుకు ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్న ఫొటో పంపించాడు. మన దేశమూ పెద్దదే. కాశ్మీరులో చలి, రెంటచింతలలో ఎండ ఒకే రోజున ఉండడం మనకు తెలిసిన విషయమే. కానీ ఒకే ఊళ్లో అయిదు రోజుల్లో మూడు కాలాలు రావడం ఏమిటి?

రెండవది, మన టీవీల్లో ‘అమెరికాను వణికించిన టోర్నడోలు’ (మేఘం నుంచి నేలకు దిగే సుడిగాలులు) అని చూపిస్తారే తప్ప, అవి ఎక్కడ వచ్చాయో, ఫ్రిస్కోకు ఎంత దూరమో చెప్పరు. మూడవది, మా పిల్లల ఇంటికి నేలమాళిగ లేదు. ఆ ప్రాంతంలో ఎవరికీ ఉండదట. నాలుగవది, ఏప్రిల్‌లో నేనూ మావారూ అక్కడికి వెళుతున్నాము. మే మొదటి వారంలో అందరం కారులో డెన్వర్ వెళ్లాలని అల్లుడు అంటున్నాడు. ‘ఏమీ కాదు, కంగారు పడవద్దు’ అన్న మాట అమ్మాయి రోజూ చెబుతూనే ఉంది కనుక, తెలిసినవారు దయచేసి కారణాలూ జాగ్రత్తలూ చెప్పగలరు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

అమ్మా, మీరు చెప్పిన సోమవారపు ఎండ, బుధవారపు సైరన్, శుక్రవారపు స్వెట్టర్, డెన్వర్ మంచు, ఈ నాలుగూ బహుశా ఒకే అల్పపీడనం చేసిన పనులు. నేను చాలా ఏళ్లు కళాశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిని. కొంత విస్తరించి రాస్తాను, ఓపికగా చదవండి.

ఉత్తర అమెరికా మ్యాప్ తెరిచి చూడండి. పడమట రాకీ పర్వతాలు, తూర్పున అపలాచియన్ కొండలు, రెండూ ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వాటి నడుమ కెనడా నుంచి టెక్సాస్ తీరం దాకా అడ్డంగా నిలిచిన ఎత్తైన పర్వత శ్రేణి ఒక్కటి కూడా లేదు. మనకు హిమాలయాలు తూర్పు పడమరలుగా నిలబడి మధ్య ఆసియా చలిగాలిని అవతలే ఆపేస్తాయి. అక్కడ ఆ అడ్డు లేకపోవడం వల్ల, ఉత్తర ధ్రువం వైపు నుంచి చల్లని పొడిగాలి దిగడానికీ, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వెచ్చని తేమగాలి ఎక్కడానికీ ఒకే మైదానం దారిగా ఉంది. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది. కనుక అల్పపీడనం రాకీల తూర్పు వాలున బయలుదేరి మైదానం మీదకు వస్తున్నప్పుడు, దాని ముందు భాగంలో ఉన్న ఊళ్లకు దక్షిణపు గాలి వీచి ఉక్క పోస్తుంది. వెనుక భాగంలో ఉన్న ఊళ్లకు ఉత్తరపు గాలి వీచి మంచు పడుతుంది. సోమవారం డాలస్ ముందు భాగంలో ఉంది, శుక్రవారం వెనుక భాగంలోకి వచ్చింది. మధ్యలో చలిగాలి అంచు ఊరి మీదుగా దాటిన రాత్రే మీవాళ్లు మెట్ల కింద కూర్చున్నారు. ఇలాంటి అల్పపీడనాలు వసంతంలో వారానికొకటి చొప్పున పడమటి నుంచి తూర్పుకు పోతూనే ఉంటాయి.

ఇందుకు మంచి ఉదాహరణ 2025 మార్చి నెల మధ్యలో వచ్చిన వ్యవస్థ. దాని పడమటి అంచున కాన్సస్‌లో దుమ్ము తుపాను రేగి, ముందు వాహనం కనబడక రహదారి మీద పదుల కొద్దీ వాహనాలు ఒకదానినొకటి గుద్దుకున్నాయి. ఓక్లహోమాలో పొడిగాలికి గడ్డిభూములు తగలబడ్డాయి. మిస్సోరి నుంచి మిసిసిపి, అలబామాల వరకు టోర్నడోలు వచ్చాయి. ఉత్తరాన మంచు తుపాను హెచ్చరికలు వెలువడ్డాయి. అన్నీ కలిపి నలభై మందికి పైగా మరణించారు. ఇదంతా మూడు నాలుగు రోజుల వ్యవహారం.

ఇక వసంతంలోనే ఎందుకు? సూర్యుడు నేలను త్వరగా వేడెక్కిస్తాడు గానీ, పై పొరల్లోని గాలి ఇంకా శీతాకాలపు చలిలోనే ఉంటుంది. కింద వేడి, పైన చలి ఉంటే గాలి ఎగబాకడానికి సిద్ధంగా ఉంటుంది. అయితే పశ్చిమ టెక్సాస్, మెక్సికో పీఠభూముల నుంచి వచ్చే వేడి పొడిగాలి ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున కుక్కర్ మీద మూతలా పరుచుకుని ఆ తేమగాలిని మధ్యాహ్నం దాకా అణచి ఉంచుతుంది. మూడు, నాలుగు గంటలకు నేల వేడి ఆ మూతను ఎక్కడో ఒకచోట ఛేదిస్తే, రోజంతా పోగైన శక్తి గంటలోపే పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు మేఘంగా లేస్తుంది. అదే సమయంలో నేల దగ్గర గాలి ఆగ్నేయం నుంచి, పైన జెట్ ప్రవాహం (చాలా ఎత్తున నదిలా సాగే గాలి) పడమటి నుంచి ఎంతో వేగంతో వీస్తూ ఉండడం వల్ల పైకి లేచే గాలి మెలి తిరుగుతుంది. ఇలా మేఘమంతా తిరుగుతూ గంటల తరబడి బతికే గాలివానను సూపర్‌సెల్ అంటారు. పెద్ద వడగళ్లూ, బలమైన టోర్నడోలూ ఎక్కువగా వీటి నుంచే వస్తాయి. జూలై నాటికి జెట్ ప్రవాహం కెనడా వైపు జరిగిపోతుంది కనుక డాలస్‌లో ఈ గొడవ తగ్గి ఉత్త ఎండ మిగులుతుంది.

టీవీ వార్తల సంగతికి వస్తే, డాలస్ నుంచి చికాగోకు ఉన్న ఆకాశమార్గపు దూరం ఇంచుమించు విజయవాడ నుంచి ఢిల్లీకి ఉన్నంత. అమెరికా మొత్తం మీద ఏటా పన్నెండు వందల దాకా టోర్నడోలు నమోదవుతాయి. వాటిలో అత్యధిక భాగం బలహీనమైనవి, పది నిమిషాలలోపే ముగిసేవి, కొన్ని పదుల నుంచి కొన్ని వందల మీటర్ల వెడల్పుకు మించనివి. మన తీరవాసులకు పెనుగాలి అనగానే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుకు వస్తుంది. అది వందల కిలోమీటర్ల వ్యవస్థ, పదివేల మందికి పైగా బలిగొన్నది. టోర్నడో గాలి అంతకన్నా తీవ్రంగా ఉండవచ్చు. 1999 మే 3న ఓక్లహోమా నగర శివారులోని మూర్ వైపు వచ్చిన దానిలో రాడార్ గంటకు 480 కిలోమీటర్లకు పైగా వేగాన్ని కొలిచింది. అయినా ఒకే పట్టణంలో ఒక వీధి నేలమట్టమై పక్క వీధిలో పూలకుండీ కూడా కదలకపోవడం అక్కడ మామూలు. ఒక ఇంటి వరకే లెక్క వేసుకుంటే టోర్నడో తగిలే అవకాశం చాలా స్వల్పం.

లక్ష్మీపురం, గుంటూరు

మాస్టారు గారి వివరణ చదివాక, ఓక్లహోమాలో కాపురమున్నప్పుడు నాకు అర్థం కాకుండా మిగిలిన విషయాలు కూడా స్పష్టమయ్యాయి. అయితే చివరి వాక్యం దగ్గర మాత్రం ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. ఒక ఇంటికి టోర్నడో తగలడం అరుదే, వడగళ్లు అరుదు కాదు. ఫ్రిస్కోలో పది కాలాల పాటు ఉండబోయే కుటుంబం తప్పకుండా చూడబోయేది వడగళ్ల వాన. 1995 మే 5న పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో ఆరుబయట ఉత్సవం జరుగుతుండగా క్రికెట్ బంతి కన్నా పెద్ద వడగళ్లు పడి ఎందరో గాయపడ్డారు, నష్టం వందల కోట్ల డాలర్లకు చేరింది. మన వైపు వడగళ్లు మామిడి పిందెలను రాలుస్తాయి. అవి ఇంటి పైకప్పును పాడుచేస్తాయని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అక్కడి ఇళ్ల కప్పు కాంక్రీటు శ్లాబు కాదు, చెక్క మీద పరిచిన తారు పెంకులు.

అందువల్ల మీ అల్లుడు గారిని రెండు కాగితాలు చూడమనండి. టెక్సాస్‌లో ఇంటి బీమాకు గాలి, వడగళ్ల నష్టంలో మనం భరించవలసిన మొత్తం చాలా పాలసీలలో విడిగా రాసి ఉంటుంది. అది ఇంటి బీమా విలువలో ఒకటి రెండు శాతంగా ఉంటుంది కనుక, చిన్న అంకెలా కనిపించినా వేల డాలర్లవుతుంది. కారు విషయంలో, పాతది కదా అని ఎదుటివారి నష్టానికి మాత్రమే బీమా కట్టే అలవాటు మన పిల్లలలో ఉంది. దానిలో వడగళ్ల సొట్టలకు పైసా రాదు. ఇంకొక మాట: వడగళ్లు పడిన మరునాడే ‘మీ కప్పు దెబ్బతిన్నది, ఉచితంగా చూస్తాము’ అంటూ తలుపు తట్టేవారు వస్తారు. అక్కడికక్కడే ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పండి.

ఇప్పుడు సైరన్ గురించి. అది ఆరుబయట ఉన్నవారిని లోపలికి పొమ్మని చెప్పడానికి ఏర్పాటు చేసినది, ఇంట్లో నిద్రపోతున్నవారిని లేపడానికి కాదు. చాలా ఊళ్లలో నిర్ణీత దినాన పట్టపగలు పరీక్ష కోసం కూడా మోగిస్తారు. ఓక్లహోమా నగరంలో అది శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు. కొత్తగా వెళ్లినవారు హడలిపోతారు. అసలు నమ్మవలసినది ఫోనుకు వచ్చే హెచ్చరికను. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి, సైలెంట్‌లో పెట్టినవి కూడా, గీపెట్టినట్టు మోగుతాయి. ఇందులో రెండు మెట్లున్నాయి. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న ప్రభుత్వ గాలివానల సూచన కేంద్రం, స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్, ‘వాచ్’ ఇచ్చిందంటే, రాబోయే కొన్ని గంటల్లో ఆ విశాలమైన ప్రాంతంలో ఎక్కడైనా రావచ్చునని అర్థం. వంట పూర్తి చేసుకుని, ఫోన్లు ఛార్జింగ్ పెట్టి, పిల్లలకు బూట్లు దగ్గర పెట్టుకుంటే చాలు. స్థానిక వాతావరణ కార్యాలయం ‘వార్నింగ్’ ఇచ్చిందంటే రాడార్‌లో సుడి కనిపించింది లేదా ఎవరో కంటితో చూశారు. చేతిలో సుమారు పది నిమిషాలుంటాయి, కొన్నిసార్లు అంత కూడా ఉండదు. అప్పుడు వరండాలోకి వెళ్లి వీడియో తీయకూడదు. అలా తీసేవారిలో మనవాళ్లు తక్కువేమీ కాదు.

నేలమాళిగ లేకపోయినా, మీ పిల్లలు ఎంచుకున్న మెట్ల కింద గది మంచిదే. సూత్రం ఏమిటంటే కింది అంతస్తు, ఇంటి నడిమి భాగం, కిటికీ లేని చిన్న గది. బయటి గాలికీ మనకూ మధ్య ఎన్ని గోడలుంటే అంత మేలు. మేము అపార్ట్‌మెంట్‌లో స్నానాల గది తొట్టిలో పిల్లలను కూర్చోబెట్టి పైన పరుపు కప్పేవాళ్లం. సైకిల్ హెల్మెట్లు అక్కడే కొక్కేనికి వేలాడుతుండేవి, పాసుపోర్టులూ వీసా కాగితాలూ జిప్ సంచిలో పెట్టి అదే అరలో ఉండేవి. మరణాలలో ఎక్కువ తలకు తగిలే దెబ్బల వల్లనే కనుక హెల్మెట్ విషయం నవ్వుకోవలసినది కాదు. మీ అమ్మాయి వాళ్లకు మరొక మాట: ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీలలో (మన జిల్లాల వంటివి) పరుచుకుని ఉంది. తాము ఏ కౌంటీలో ఉన్నారో, పడమట, నైరుతిన ఏ ఊళ్లున్నాయో తెలిసి ఉండాలి, ఎందుకంటే గాలివానలు ఎక్కువగా అటు నుంచే వస్తాయి. మీరు కూడా ఆ రెండు పేర్లూ కాగితం మీద రాసి పెట్టుకోండి. వార్తల్లో అవి వినబడనప్పుడు తెల్లవారుజామున పిల్లలను లేపవలసిన అవసరం ఉండదు.

కొల్లిపర రైతు, తెనాలి దగ్గర

ఫ్రిస్కోలో ఉన్నవారు క్షేమంగా ఉండాలని కోరుకుంటూనే ఒక మాట అడుగుతున్నాను. మన దగ్గర ఇదే నెలల్లో జరిగేది ఎవరూ ఇంత శ్రద్ధగా చర్చించరెందుకు? కల్లంలో మిర్చి ఆరబోసి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటి దాకా నెత్తి మాడే ఎండ, ఆకు కదలదు. పడమట నల్లగా కమ్ముకుంటుంది, దుమ్ము లేస్తుంది, పట్టలు పరిచేలోపే పెద్ద చినుకులు పడతాయి. ఒక్కసారి తడిసిన కాయ రంగు పోయి తాలుగా మారితే గుంటూరు యార్డులో దాని ధర చెప్పుకోవడానికే సిగ్గు. అదే గాలికి గెల వేసిన అరటి చెట్టు మొదలంటా విరిగి పడుతుంది. దానికి సైరనూ లేదు, మెట్ల కింద గదీ లేదు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు విపత్తుల నిర్వహణ విభాగం లెక్క చెప్పింది. గొర్రెలు కాసేవారూ పొలంలో పనిచేసేవారూ ఏటా పోతూనే ఉన్నారు. అమెరికా గాలివానకూ మన గాలివానకూ ఉన్న తేడా ఏమిటో మాస్టారు గారు చెబితే సంతోషిస్తాను. మనకు టోర్నడోలు రావా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

మీ ప్రశ్న న్యాయమైనది, అంకెలు కూడా మీ పక్షానే ఉన్నాయి. అమెరికాలో టోర్నడోల వల్ల సగటున ఏటా డెబ్బై ఎనభై మంది మరణిస్తుంటే, మన దేశంలో పిడుగుల వల్లనే ఏటా రెండు వేల మందికి పైగా మరణిస్తున్నారు. ఇళ్లల్లో, కార్లలో ఉండే జనాభాకూ, ఆరుబయట పొలాల్లో ఉండే జనాభాకూ ఉన్న తేడా ఇందులో ప్రధానం.

కారణాల విషయానికి వస్తే రెండు చోట్లా ముడి సరుకు ఒకటే. వారికి గల్ఫ్ ఆఫ్ మెక్సికో తేమ, మనకు బంగాళాఖాతపు తేమ. వారికి పశ్చిమ టెక్సాస్ పొడిగాలి, మనకు తెలంగాణ, విదర్భల మీదుగా వచ్చే పొడిగాలి. ‘విదర్భ నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి’ అని వాతావరణ వార్తల్లో తరచూ వింటాము కదా, ఈ రెండు గాలులూ కలిసే గీత ఇంచుమించు అదే. మీ పడమటి నల్లమబ్బు ఆ గీత మీద పుట్టినదే. మనకు లేనిది పై గాలుల వేగం. ఏప్రిల్, మే నెలల్లో బలమైన జెట్ ప్రవాహం హిమాలయాల వైపు ఉంటుంది గానీ కృష్ణా డెల్టా మీద ఉండదు. అందుచేత మన మేఘం నిట్టనిలువుగా లేచి, తన వానలోనే తాను తడిసి గంట గంటన్నరలో కూలిపోతుంది. కూలేటప్పుడు చల్లగాలి నేలను కొట్టి నలుదిక్కులకూ విరజిమ్ముతుంది, ఉష్ణోగ్రత అరగంటలో పది డిగ్రీలు దిగడం అందువల్లే. మీ అరటిని పడగొట్టేది కూడా ఆ గాలే, దానిలో సుడి ఉండదు.

అయితే ఉపఖండంలో టోర్నడోలు రావనడం సరికాదు. ఛోటానాగపూర్ పీఠభూమి నుంచి బెంగాల్ వైపు సాగే కాలబైశాఖి గాలివానలకు తేమా, పొడిగాలీ, పై గాలుల వేగం మూడూ దొరుకుతాయి. ప్రపంచంలో అత్యధిక ప్రాణనష్టం కలిగించిన టోర్నడో అమెరికాలో రాలేదు, 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటురియాల మీద వచ్చి సుమారు 1,300 మందిని బలిగొన్నది. అమెరికా చరిత్రలో అన్నిటికన్నా ఘోరమైన 1925 మార్చి 18 నాటి దానిలో 695 మంది పోయారు. వడగళ్ల మాట కూడా అంతే. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ప్రాంతంలో వడగళ్లకు 246 మంది మరణించారు. వడగళ్ల మరణాలలో ఇప్పటికీ అదే అత్యధికం.

హెచ్చరికల విషయంలో మీ ఆవేదన అర్థమైంది. మేఘం ఆయుర్దాయమే గంట గంటన్నర అయినప్పుడు ముందురోజు చెప్పే సూచన జిల్లాను మించి సూక్ష్మంగా ఉండదు. మేఘం లేచాక మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ దానిని చూస్తుంది, మూడు గంటల ముందస్తు సూచనలు దాని ఆధారంగానే వెలువడతాయి. పిడుగుల కోసం పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేసిన ‘దామిని’ యాప్ మనం నిలబడిన చోటు చుట్టుపక్కల పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. ఫోను లేని కూలీలకు ఒక లెక్క నేర్పవచ్చు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే శబ్దం వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. వెంటనే పని ఆపి పక్కా కట్టడంలోకి పోవాలి, తాడిచెట్టు కిందకు మాత్రం పోకూడదు.

పటమట అమ్మమ్మ, విజయవాడ

మాస్టారు గారికి, లక్ష్మీపురం వారికి ఎంతో కృతజ్ఞురాలిని. కొల్లిపర అన్నయ్య గారు అన్నది నిజమే. మా తమ్ముడికి నూజివీడు దగ్గర తోట ఉంది, ఒక్క గాలివానకు రసాల కాయ సగం నేల పాలవడం మేమూ చూశాము. కౌంటీ పేర్లు రెండూ కేలండరు పక్కన రాసి పెట్టాను. అల్లుడు బీమా కాగితం తీసి చూస్తే లక్ష్మీపురం వారు చెప్పినట్టు రెండు శాతమని ఉన్నదట. అతనికి ఇప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఈ టోర్నడోలు వాతావరణ మార్పు వల్ల పెరుగుతున్నాయా? ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని ముప్పై ఏళ్ల అప్పు తీసుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. రెండవది, డెన్వర్ ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. మానుకోమనమంటారా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

వేడిగాలులు పెరగడం గురించి చెప్పినంత రూఢిగా టోర్నడోల గురించి చెప్పలేమమ్మా. బలహీనమైనవి పూర్వం ఎవరి కంటా పడక లెక్కలోకి వచ్చేవి కావు. ఇప్పుడు రాడార్లూ, అందరి చేతుల్లో కెమెరాలూ ఉన్నాయి కనుక సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. ఓ మోస్తరు బలమున్నవాటిని మాత్రమే తీసుకుంటే ఏడాది మొత్తం సంఖ్యలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. మారినవి రెండు. టోర్నడోలు వచ్చే రోజులు తగ్గి, వచ్చిన రోజున గుంపుగా రావడం ఎక్కువైంది. 2011 ఏప్రిల్ 25 నుంచి 28 వరకు నాలుగు రోజుల్లో మూడు వందల యాభైకి పైగా వచ్చి మూడు వందల మందికి పైగా పోయిన ఉదంతం ఇందులో తీవ్రమైనది. ఇక రెండవ మార్పు చోటుకు సంబంధించినది. వాతావరణ శాస్త్రవేత్తలు విక్టర్ జెన్సిని, హెరాల్డ్ బ్రూక్స్ 1979 నుంచి 2017 వరకు ఉన్న సమాచారాన్ని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టెక్సాస్ సహా దక్షిణ మైదానాలలో అవి తగ్గుముఖం పట్టి, మిసిసిపి, అలబామా, టెనెసీ వంటి తూర్పు రాష్ట్రాల వైపు పెరుగుతున్నాయి. తగ్గినా టెక్సాస్‌లో ఇంకా ఎక్కువే. కానీ అడవులు, రాత్రివేళ వచ్చే గాలివానలు, చక్రాల మీద తెచ్చి నిలిపిన తేలిక ఇళ్లు, ఈ మూడూ కలిసిన తూర్పు రాష్ట్రాలలో ప్రాణనష్టం అధికం. ఇటుక గోడల ఇంట్లో, హెచ్చరిక అందే ఊళ్లో ఉన్న మీ పిల్లల విషయంలో ఆందోళన పడవలసినది ముప్పై ఏళ్ల అప్పు గురించి కాదు, ఏటేటా పెరిగే బీమా ప్రీమియం గురించి.

లక్ష్మీపురం, గుంటూరు

ప్రయాణం మానుకోనక్కరలేదు, వేళ మార్చుకుంటే చాలు. ఫ్రిస్కో నుంచి డెన్వర్‌కు దగ్గరి దారి డికేటర్ మీదుగా 287వ నంబరు రహదారి ఎక్కి విచిటా ఫాల్స్, అమరిల్లో దాటి, న్యూమెక్సికోలోని రాటన్ వద్ద కొండ ఎక్కి కొలరాడోలో దిగుతుంది. మాస్టారు గారు చెప్పిన మూత పగిలేది సరిగ్గా ఆ అమరిల్లో పరిసరాల్లోనే, అదీ మధ్యాహ్నం మూడు దాటాకే. అందుచేత తెల్లవారకముందే బయలుదేరితే భోజనం వేళకు అమరిల్లో చేరవచ్చు. ఆ రోజు అక్కడే హోటల్ తీసుకుని మరునాడు ఉదయం మిగతా దారి పట్టడం మేలు. పన్నెండు పదమూడు గంటల ప్రయాణాన్ని ఒకే రోజున ముగించాలన్న పట్టుదల మన కుర్రవాళ్లకు ఉంటుంది. సాయంత్రపు మబ్బుల కిందుగా పోవలసి రావడం ఆ పట్టుదల వల్లనే.

బయలుదేరే ముందురోజు స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ మ్యాప్ చూడమనండి. అందులో ప్రమాద స్థాయిలు అయిదు. ముదురు ఆకుపచ్చ, పసుపు అయితే ఆకాశం మీద ఒక కన్నేసి పోవచ్చు. నారింజ రంగు మీ దారిలో ఉంటే వేళలు సవరించుకోవాలి. ఎరుపు గానీ దాని పైది గానీ ఉంటే ఒక రోజు ఆగడమే తెలివి. దారిలో హెచ్చరిక వస్తే వంతెన కింద కారు ఆపకూడదు. అక్కడ గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది, ఎగిరివచ్చే చెత్తకు అడ్డూ ఉండదు. దగ్గరలోని పెట్రోలు బంకు లేదా పెద్ద దుకాణం లోపలికి వెళ్లి, అక్కడి స్నానాల గది వైపు నడవాలి. టోర్నడోతో పందెం వేసి కారులో పారిపోవాలనుకోవడం ప్రమాదకరం. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో వద్ద నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పుతో వచ్చిన టోర్నడోలో, దాని గమనం ఎరిగి వెంబడించే పరిశోధకులు కూడా కారులోనే ప్రాణాలు కోల్పోయారు. 2015 డిసెంబరు 26న మీ పిల్లల ఊరికి దగ్గరలోని గార్లాండ్‌లో పోయినవారిలోనూ ఎక్కువమంది రహదారి మీద వాహనాల్లో ఉన్నవారే.

చలి బట్టల విషయం మరిచిపోవద్దు. డాలస్‌లో మే నెల వెచ్చగానే ఉంటుంది గనుక మీరు నూలు చీరలతో బయలుదేరతారు. రాటన్ కనుమ 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, డెన్వర్‌లో మే మొదటి వారంలో మంచు పడడం వింతేమీ కాదు. పిల్లవాడికి టోపీ, మీ ఇద్దరికీ మందపాటి కోట్లు కారు డిక్కీలో కాకుండా వెనుక సీటు దగ్గరే పెట్టించండి. అమరిల్లోలో ఉదయం లేవగానే కొలరాడో రహదారుల పరిస్థితి ఫోనులో చూసుకుని, కనుమ మీద మంచు ఉందంటే రోడ్డు తేటపడేదాకా హోటల్ గదిలోనే ఆగమని అల్లుడు గారికి చెప్పండి.